నల్లబురుజులో దొర వేషం

అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

సూర్యుడు నడినెత్తిన నిలిచాడు. మనిషి నీడ మనిషి కాళ్ల కిందే దాక్కునే వేళ అది. అర్ధరాత్రికి ఎంత బలముందో ఆ వేళకూ అంతే బలముందని మానవపాడు చుట్టుపక్కల పెద్దలంటారు. ఆ గడియలో బాలింతలు గడప దాటరు. చేలల్లో కూలీలు కూడా చెట్టు కిందికి చేరి, మాటలు తగ్గించి, అన్నం మూటలు విప్పుకుంటారు.

ఆ వేళ కోటపాడు శివారులో, నల్లబురుజు మీద గుడ్లగూబ అరిచింది!

పట్టపగలు... కళ్లు మాడే ఎండలో... ఒకే ఒక్క అరుపు! దానికి జవాబన్నట్టు తుంగభద్ర అవతల ఎక్కడో ఉరుము ఉరిమింది. ఆకాశంలో మబ్బు తునక లేదు.

బురుజు మొదట్లో ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా మట్టి తోడుతున్నాడు. చొక్కా విప్పి పక్కన పెట్టాడు. ఒళ్లంతా శ్మశానభస్మం. గోళ్లు విరిగి నెత్తురు కారుతున్నా ఆగలేదు. రెండు రాళ్ల సందులో అతని వేళ్లకు గుండ్రంగా, నున్నగా ఏదో తగిలింది. లాగాడు.

పుర్రె!

నోటినిండా సున్నం కూరుకుపోయిన మానవ కపాలం! ఆ పుర్రె పెద్దది. నుదురు వెడల్పు, దవడ బలంగా ఉంది. ఆడమనిషి పుర్రెకు అంత పెద్ద దవడ ఉంటుందా అని ఎవరికైనా అనుమానం రావాలి. అతనికి రాలేదు. ఆశ కళ్లకు గంతలు కడుతుంది.

"దొరికినవా... నీలవ్వా!" అన్నాడు. బొటనవేలి నెత్తురుతో కపాలం నుదుట బొట్టు పెట్టాడు.

అతని పేరు విరూపాక్షప్ప. అలాగని చెప్పుకునేవాడు. రాయచూరు వైపు నుంచి వచ్చానని కొందరికి, ఇంకెక్కడి నుంచో వచ్చానని కొందరికి చెప్పాడు. చదువుకున్నవాడు. పాతకోటలు, పాతయుద్ధాలు, పాత కాలపు బట్టలు, తిండ్లు అన్నీ తెలిసినవాడు. ఊరూరా తిరిగి, జరిగిపోయిన చరిత్రను జరిగినట్టే జనంతో మళ్లీ ఆడించేవాడు. పైకి అది అతని వృత్తి. లోపల అతనిది వేరే విద్య. ఒక సంగతిని మొదటిసారి ఎలా జరిగిందో అచ్చం అలాగే... అదే చోట, అదే వేళ, అదే మాటతో, అదే బట్టతో జరిపిస్తే... చచ్చినవాళ్లు అది తమ కాలమే అనుకుని లేచి వస్తారు! వచ్చినవాళ్లను కట్టేసి బానిసలను చేసుకోవచ్చు! ఆ క్షుద్రవిద్యకు అతడు అప్పటికే చాలా ఊళ్లను బలిపెట్టాడు.

నల్లబురుజు కథ కోటపాడులో అందరికీ తెలిసిందే. రుద్రప్ప దొర కోట కట్టిస్తుంటే ఈ ఒక్క బురుజు నిలవలేదు. కట్టినకొద్దీ కూలింది. అమావాస్య మధ్యాహ్నం ఏ ఆడది ముందుగా అన్నం గంప తెస్తే ఆమెను గోడలో పెట్టి కట్టమన్నాడు దొర కొలువులోని మంత్రగాడు. ముందుగా వచ్చింది నీలవ్వ. ఆ గోడ కడుతున్న మేస్త్రి పెండ్లామే! మొగుని చేతులతోనే రాళ్లు పెట్టించాడు దొర. బురుజు నిలిచింది. ఆనాటి నుంచి దొర మాత్రం ఎవరికీ కనబడలేదు. శవం కూడా దొరకలేదు.

శవం దొరకలేదంటే దొర చావలేదని విరూపాక్షప్ప లెక్క. నీలవ్వ శక్తిని వశం చేసుకుని దేహం లేకుండా, మరణం లేకుండా బతుకుతున్నాడని లెక్క. ఆ దొర ఎలా చేశాడో తానూ అలాగే చేస్తే తనకూ చావుండదు!

దానికి ఒక నీలవ్వ కావాలి. ప్రాణంతో.

*

ఊరి బడి వరండాలో జనం కూడారు. విరూపాక్షప్ప తెల్లచొక్కా వేసుకుని నెమ్మదిగా మాట్లాడాడు.

"మీరు ఏటేటా ఈ కథను బాగోతం కడతారు. సంతోషం. కానీ అది ఆట. నేను ఆడించేది ఆట కాదు. చరిత్రను మళ్లీ నిలబెట్టడం. మిషను కుట్టు గుడ్డ ఉండొద్దు. ప్లాస్టిక్కు ఉండొద్దు. చెప్పులు తోలువి. తిండి జొన్నరొట్టె, రాగిసంగటి. మూడు రోజులు కోటలోనే కాపురం. నాలుగో రోజు, అమావాస్య మధ్యాహ్నం గోడ కట్టే ఘట్టం. దేశమంతా మీ కోటపాడును చూస్తది."

"అయితే మా దొరకు తిప్పలే సారూ," అన్నాడు నాగేశ్. ఊళ్లో పత్తివిత్తనం పండించే రైతు, నోరు ఊరుకోనివాడు. "పోయినేడు మా దొర చేతికి వాచీ ఉండె. కొలువు నడుస్తుంటె మంత్రగాడు ముహూర్తమెప్పుడంటే, వాచీ చూసి టైం చెప్పిండు!"

జనం గొల్లున నవ్వారు. విరూపాక్షప్ప నవ్వలేదు.

"ఆ వాచీ ఉన్నంతసేపు అది ఆట," అన్నాడు. "వాచీ తీసేస్తే..."

బడి వెనక తుమ్మచెట్టులో ఏదో రెక్కలు కొట్టుకుంది.

ఏళ్ల తరబడి బాగోతంలో దొర వేషం కట్టిన ముసలాయన బాలన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మాట తక్కువ మనిషి.

"పిలిచేటోళ్లెవరు?" అన్నాడు.

"ఎవరిని?"

"వేషగాళ్లను."

కోటపాడు బాగోతానికి ఒక కట్టుబాటు ఉంది. చచ్చినవాళ్ల వేషం వేసిన ప్రతి మనిషికీ వాళ్ల ఇంటివాళ్లొకరు ముందు వరుసలో కూర్చోవాలి. ఆట మంచి ఊపులో ఉండగా "ఒరే ఫలానా!" అని సొంత పేరు పెట్టి పిలవాలి. వేషగాడు పద్యం మధ్యలో ఉన్నా, ఏడుపు మధ్యలో ఉన్నా "ఆఁ" అనాలి. జనం నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. వేషం మనిషిని మింగకుండా కాపాడేది ఆ పిలుపే. దొర వేషం వేసినవాడికైతే ఇద్దరు కూర్చోవాలి. అది బరువైన వేషం. ఇంకోటి... గోడకు ఆఖరి రాయి ఎన్నడూ పెట్టరు. నీలవ్వ వేషం గోడలోంచే అందరికీ అన్నం పెడుతుంది. అందరూ తిన్నాక దొర వచ్చి "తప్పైంది తల్లీ" అని ఆమె చేతి ముద్ద తింటాడు. అంతటితో ఆట ముగుస్తుంది.

విరూపాక్షప్ప చెయ్యి అడ్డంగా ఊపాడు. "అవన్నీ కుదరవు. ఆ కాలంలో వినబడని పేరు ఒక్కటి వినబడితే మొత్తం అబద్ధమవుతది. కోటలో అడుగు పెట్టినంక ఎవరూ ఎవరినీ సొంత పేరుతో పిలవొద్దు. ఎవరి దేవుని మీద వాళ్లు ఒట్టు వేయాలె."

"దొర వేషం ఎవరు?"

"నేనే."

"మరి నిన్ను పిలిచేటోళ్లు?"

"నాకెవరూ లేరు. అక్కర్లేదు."

బాలన్న అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. తువ్వాలు దులుపుకుని లేచి వెళ్లిపోయాడు.

నీలవ్వ వేషం హెప్సిబాకు వచ్చింది. బాగోతంలో ఆడ వేషాలు మగవాళ్లే కడతారు. చర్చిలో క్రిస్మస్ నాటకమాడితే ఎస్తేరు రాణి వేషానికి ఊరంతా హెప్సిబానే అడుగుతారు. ఈ అవకాశం కోసం ఆమె ఎంత ఎదురుచూసిందో తల్లి బుజ్జమ్మకే తెలుసు.

"పోతే పోయినవ్ గాని," అంది బుజ్జమ్మ, "వేషం కట్టినవంటే నీకు ఒళ్లు తెల్వదు. ఎస్తేరు రాణివైన నాడు పొయ్యి మీద పప్పు మాడిపాయె. అమ్మా అంటే 'ఎవరక్కడ' అంటివి!"

"రాణి పప్పు చూసుకుంటదానే అమ్మా?"

"రాణి తినలే గద మాడిన పప్పు. తిన్నది మేము!"

హెప్సిబా పడీపడీ నవ్వింది. ఆమె మొగుడు సాంసన్ కూడా నవ్వాడు. హైదరాబాదులో అపార్టుమెంట్లు కట్టే మేస్త్రి. వారం కిందే ఊరికి వచ్చాడు. గోడ కట్టే మొగుని వేషం అతనికే ఇచ్చాడు విరూపాక్షప్ప. "నిజం మేస్త్రి, నిజం పెండ్లాం. ఇంతకన్నా ఏం కావాలె?" అన్నాడు.

"భయం లేదమ్మా," అని విరూపాక్షప్పే బుజ్జమ్మను బురుజు వెనక్కి తీసుకుపోయి చూపించాడు. ముందు గోడ ఎప్పుడో కూలిన నీలవ్వ గూటిలోకి వెనక నుంచి మనిషి వంగి దూరేంత కంత ఉంది. "గోడ మూసినాక నీ బిడ్డ ఇటునుంచి బయటికొస్తది."

బుజ్జమ్మ తల దూర్చి చూసింది. లోపల చల్లగా ఉంది. ఆ చల్లదనం ఆమెకు నచ్చలేదు.

*

కోటలో కాపురం మొదలైంది. ఫోన్లన్నీ ఒక గోనెసంచిలో వేసి మూతి కట్టాడు విరూపాక్షప్ప. గద్వాల మగ్గం మీద మిల్లు నూలు తగలకుండా నేయించిన ముదురు నీలిచీర హెప్సిబాకు ఇచ్చాడు. ఆమె ఆ చీర కట్టుకున్న క్షణాన... గాలి ఆగిపోయింది! ఊరకుక్కలన్నీ కోటవైపు మూతులెత్తి ఏడ్చాయి!

మొదటి రోజు నవ్వులాటగానే గడిచింది. "ఓ దొరగారి గుర్రపోడా, జర బీడీ ఉంటే ఇయ్యి," అని ఒకడు, "బీడీ ఇంకా పుట్టలేదు మూర్ఖుడా," అని గుర్రపోడి వేషంలో ఉన్న నాగేశ్.

రెండో రోజు నవ్వులు తగ్గాయి. ఎవరి మాట వాళ్లకే కొత్తగా వినబడసాగింది. ఎప్పుడో తాతల నోట విన్న పాతమాటలు తెలియకుండానే నాలుక మీదికి వచ్చాయి. నాగేశ్‌ను గుర్రపోడా అంటేనే తిరిగి చూశాడు. పగలే గుడ్లగూబలు బురుజు మీద వాలి వరుసగా కూర్చున్నాయి.

మూడో రోజు బుజ్జమ్మ పచ్చిపులుసు పట్టుకుని కోటకు వచ్చింది. హెప్సిబా గుమ్మం దగ్గర కూర్చుని జొన్నలు విసురుతోంది. విసుర్రాయి తిప్పడం ఆమెకు ఎన్నడూ రాదు. ఇప్పుడు చెయ్యి దానంతటదే తిరుగుతోంది.

బుజ్జమ్మ అటూ ఇటూ చూసి, ఒట్టు మరచి, మెల్లగా పిలిచింది. "హెప్సిబా..."

పలకలేదు.

"ఓ హెప్సీ! నిన్నేనే!"

ఆమె తలెత్తింది. ఆ కళ్లు... ఆ కళ్లు బుజ్జమ్మ కన్న కళ్లు కావు! ఎండిన బావుల్లా లోతుగా, నీళ్లు లేకుండా ఉన్నాయి.

"ఎవరవ్వా నువ్వు? రాళ్ల పనికొచ్చినవా?" అంది. "జర నిలువు. మా ఆయనకు అన్నం దీస్కపోవాలె. పొద్దెక్కుతుంది."

బుజ్జమ్మ చేతిలో గిన్నె జారి పడింది. పరుగున సాంసన్ దగ్గరికి పోయింది. అతడు సున్నంలో బెల్లంనీళ్లు కలుపుతున్నాడు.

"అల్లుడా! దవాఖానకు తీస్కపోదాం. పిల్ల పిల్ల లెక్క లేదు!"

సాంసన్ తలెత్తకుండా తన చేతులనే చూసుకుంటున్నాడు. "అత్తా... నాకు సిమెంటు పనే వస్తది. సున్నం కలుపుడు నాకెవ్వరు నేర్పలే. గీ చేతులకు ఎట్ల ఎరుకైంది? ఆపుదామంటే ఆగుతలేవు అత్తా!" అతని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చేతులు మాత్రం కలుపుతూనే ఉన్నాయి.

వెనక నుంచి నీడ పడింది. విరూపాక్షప్ప! తలకు పాగా, నడుముకు కత్తి, చంకలో నల్లగుడ్డ కప్పిన మూట.

"బయటి మనుషులు కోటలో ఉండొద్దు," అన్నాడు. గొంతు మునుపటి గొంతు కాదు. "రేపటితో సరి. ఆమె పని ఆమె చేస్తది."

బుజ్జమ్మ బిడ్డ చెయ్యి పట్టుకుని లాగింది. ఆ చెయ్యి రాతిలో నాటినట్టు కదలలేదు. కావలివాళ్లు... రోజూ తనను అత్తా, పెద్దమ్మా అని పిలిచే ఊరి పిల్లలే... ఎవరో తెలియనట్టు ఆమెను బయటికి తోశారు.

బుజ్జమ్మ నేరుగా బాలన్న ఇంటికి పోయింది.

"బాలన్నా, పిలిచిన. పలుకలే. ఇంకేం జెయ్యాలె నేను?"

"మన ఆట అన్నంతోటి ఎందుకు అయిపోతది, ఎరికేనా చెల్లె?" అన్నాడు బాలన్న.

"ఎందుకు?"

"ఆనాడు ఆమె తెచ్చిన అన్నం ఎవ్వరు తినలే. గంప గంప లెక్కనే ఉండె. సచ్చినందుకు కాదు, గందుకు ఆమె కడుపు కాలింది అనేటోడు మా నాయిన. నాకు గంతే ఎరుక." చేతికర్ర అందుకున్నాడు. "రేపు నేనూ వస్త."

అదే సమయంలో నల్లబురుజు వెనక ఒక మనిషి ఒంటరిగా పని చేస్తున్నాడు. రాళ్లు, సున్నం, బెల్లంనీళ్లు. మనిషి వంగి దూరే ఆ కంతను విరూపాక్షప్ప లోపలి నుంచి బయటిదాకా రాతి మీద రాయి పేర్చి మూసేశాడు. గాలి కూడా దూరకుండా!

*

మళ్లీ అమావాస్య... మళ్లీ మిట్టమధ్యాహ్నం!

పడమటి నుంచి ఎర్రదుమ్ము లేచింది. సూర్యుడు నెత్తుటి ముద్దలా మారాడు. వాన లేని ఉరుములు దిక్కులు పిక్కటిల్లేలా మోగాయి. బురుజు నిండా గుడ్లగూబలు... రెప్ప వేయని కళ్లు... అన్నీ కింద జరుగుతున్నదాన్నే చూస్తున్నాయి!

నెత్తిన అన్నం గంపతో నీలిచీరలో ఆమె నడిచి వచ్చింది. కావలివాళ్లు ఆమెను పట్టుకున్నారు. గంపతో సహా బురుజు గూటిలో నిలబెట్టారు. సాంసన్ రాళ్లు పెట్టడం మొదలుపెట్టాడు. కళ్ల నుంచి ధారలు. పెదవులు కొరుక్కుని నెత్తురు. చేతులు మాత్రం తూకం తప్పకుండా, సందు లేకుండా రాయి మీద రాయి పేరుస్తున్నాయి. మోకాళ్లు మునిగాయి. నడుము మునిగింది. ఛాతీ మునిగింది...

విరూపాక్షప్ప నల్లగుడ్డ విప్పి కపాలం పైకెత్తాడు. "ఓం హ్రాం హ్రీం... కపాలవాసినీ! నీ అస్థి నా చేతిలో ఉంది! నీ ప్రాణం నా గోడలో ఉంది! కట్టుబడు! నాకు కట్టుబడు!"

ఒక్కో మాటకు ఒక్కో పిడుగు!

జనం నిలబడిపోయారు. వాళ్లలో ఎవరికీ తమ పేరు గుర్తు లేదు. పేరు గుర్తున్నది ఇద్దరికే. బుజ్జమ్మా, బాలన్నా వెనక నుంచి తోసుకుంటూ వచ్చారు.

"హెప్సిబా!" అని అరిచింది బుజ్జమ్మ. "హెప్సిబా! ఓ బిడ్డా!"

గోడ పైన ఆ మొహం కదలలేదు. విరూపాక్షప్ప వికటంగా నవ్వాడు.

"పిలువు! గొంతు పగిలేదాకా పిలువు! ఆ పేరుగలది ఇంకా పుట్టలేదు!"

మెడదాకా గోడ లేచింది. ఇంకొక వరుస... ఆ పైన ఆఖరి రాయి. అంతే!

బుజ్జమ్మ గోడ ముందు కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుని, రెండు చేతులూ దోసిలి పట్టింది.

"నీలవ్వా," అంది. "పొద్దెక్కింది గదనే. ఆకలైతుంది బిడ్డా. అంత దూరం మోసుకొస్తివి. పెట్టకుండనే పోతవా?"

ఉరుము సగంలో తెగిపోయింది.

ఎండిన బావుల్లాంటి ఆ కళ్లు మెల్లగా కిందికి దిగాయి. దోసిలిని చూశాయి. ఎవ్వరూ అడగని మాట అది. ఇన్ని తరాల్లో ఎవ్వరూ అడగలేదు. గోడ లోపల గంప కదిలిన చప్పుడు... గోడ మీదుగా ఒక చెయ్యి బయటికి వచ్చింది. చేతిలో రొట్టె తునక.

బుజ్జమ్మ తిన్నది. "మంచిగుంది బిడ్డా," అంది.

ఆ చెయ్యి మళ్లీ లోపలికి పోయి మళ్లీ వచ్చింది. ఈసారి సాంసన్ వైపు. అతని చేతుల్లో రాయి ఉంది. రొట్టె తీసుకోవాలంటే రాయి వదలాలి. వేళ్లు ఒక్కటొక్కటిగా విడిపోయాయి. రాయి దభాలున కింద పడింది! సాంసన్ తన చేతులు తాను చూసుకున్నాడు. తన చేతులే!

"వద్దు! ఎవరూ తినొద్దు!" అని గర్జించాడు విరూపాక్షప్ప. "ఆనాడు ఎవరూ తినలేదు!"

ఎవరూ వినలేదు. కావలివాళ్లు తిన్నారు. రాళ్లు మోసినవాళ్లు తిన్నారు. తిన్నవాడల్లా నిద్ర లేచినట్టు కళ్లు నులుముకున్నాడు. "ఏందిరా గిది... నేనేడున్న?" అన్నాడు నాగేశ్. బాలన్న తన వంతు ముద్ద తీసుకుని కళ్లకద్దుకుని తిన్నాడు.

గంపలో ఆఖరి ముద్ద మిగిలింది. ఆ చెయ్యి దాన్ని దొర వైపు చాపింది.

బాలన్న చేతులు జోడించాడు. "తీస్కో. తప్పైంది తల్లీ అను. గంతే. ఎన్ని ఏండ్లు అన్న నేను! నా సొమ్మేం పోలే. నువ్వెవరివో, ఎవరు కన్న బిడ్డవో... నీ కాళ్లు మొక్కుత, తీస్కో!"

ఒక్క క్షణం విరూపాక్షప్ప చెయ్యి కదిలింది. నిజంగా కదిలింది. అంతలో అతని మొహం బిగుసుకుంది.

"దొర తినలేదు! చరిత్రలో దొర తినలేదు! నేనూ తినను! జరిగింది జరిగినట్టే జరగాలి!"

ముద్దను చేత్తో కొట్టాడు. అది దుమ్ములో పడింది.

గుడ్లగూబలన్నీ ఒక్కసారిగా రెక్కలు విప్పాయి!

గోడలోంచి నవ్వు వినిపించింది. పెద్ద నవ్వు కాదు. పని అయిపోయిన మనిషి నవ్వుకునే నవ్వు.

"అవు," అంది ఆమె. "అచ్చం గట్లే అన్నడు. అచ్చం గట్లే కొట్టిండు. జరిగింది జరిగినట్టే కావాలెనా నీకు? కానియ్యి దొరా. అటెన్క ఏం జరిగిందో నేను జూపిస్త."

"కట్టుబడు!" కపాలం ఎత్తి అరిచాడు అతడు. "నీ పుర్రె నా చేతిలో ఉంది!"

"అది నాది గాదు," అంది నీలవ్వ. "నీదే."

విరూపాక్షప్ప చేతిలోని పుర్రెను చూశాడు. వెడల్పాటి నుదురు. బలమైన దవడ. నోటినిండా సున్నం. బురుజు రాళ్ల సందులో దొరికిన పుర్రె... శవం దొరకని దొర...

అప్పుడు అర్థమైంది. దొర చావును జయించలేదు! ఇదే గోడలో, ఇదే గూటిలో చచ్చాడు! నెల రోజులుగా తాను నెత్తుటిబొట్టు పెట్టి, పేరు మార్చి, మంత్రించి పిలిచింది నీలవ్వను కాదు. దొరను! తన ఒంట్లోకే!

"ఆ..." అని నోరు తెరిచాడు. లోపలి నుంచి వేరే గొంతు వచ్చింది. "ఎవర్రా అక్కడ! గోడ నిలిచిందా?"

పాగా బిగుసుకుంది. కాళ్లు వాటంతటవే గోడవైపు నడిచాయి. అతడు వెనక్కి వాలి, పాదాలు నేలలో గుచ్చి, కేకలు పెడుతూ నడిచాడు! గోడరాళ్లు ఎవరూ ముట్టకుండానే పక్కకు జరిగాయి. నీలిచీరలోని మనిషి ముందుకు తూలి సాంసన్ చేతుల్లో పడింది.

"హెప్సిబా!" అంది బుజ్జమ్మ.

పెదవులు కదిలాయి.

"ఆఁ... అమ్మా..."

బుజ్జమ్మ బిడ్డను గుండెకు అదుముకుంది. ఆ వెనకే అతడు గూటిలోకి చేరాడు. రాళ్లు లేస్తున్నాయి. మోకాళ్లు... నడుము... ఛాతీ... కట్టే చేతులు కనబడవు. సున్నం పూసే చప్పుడు మాత్రం వినబడుతోంది.

బుజ్జమ్మ చూడలేకపోయింది. బిడ్డను అల్లునికి వదిలి గోడ దగ్గరికి ఉరికింది.

"విరూపాక్షప్పా! ఓ విరూపాక్షప్పా! ఆఁ అను! ఒక్క పలుకు పలుకు!"

"ఎవడు వాడు?" అంది ఆ నోరు. "నేను రుద్రప్ప దొరను!"

"గాదు! నీ పేరు చెప్పు! మీ అమ్మ నిన్నేమని పిలుస్తుండె బిడ్డా? గది చెప్పు, నేను పిలుస్త! నేను పిలుస్త నిన్ను!"

ఆ కళ్లలో ఒక్కసారి మనిషి కనబడ్డాడు. భయంతో, ఆశతో వెతుక్కున్నాడు. చిన్నప్పటి వాకిలి... పొయ్యి దగ్గర ఎవరో వెనక్కి తిరిగి నోరు తెరిచి పిలుస్తున్నారు... ఆ పెదవులు కదిలాయి. మాట వినబడలేదు. ఎన్నో ఊళ్లలో ఎన్నో పేర్లు వేసుకున్నాడు. అసలుది ఏ ఊళ్లో వదిలాడో! నోరు తెరిచాడు. ఏమీ రాలేదు.

ఆఖరి రాయి మూసుకుంది.

"వెనక కంత ఉంది! ఆడికెల్లి గుంజుదాం!" అని నాగేశ్, కుర్రాళ్లు బురుజు వెనక్కి పరుగెత్తారు. అక్కడ కంత లేదు. రాతి మీద రాయి. గాలి దూరకుండా సున్నం. అతను తన చేతులతో మూసిన గోడ! గునపాలు తెచ్చి మధ్యాహ్నమంతా తవ్వారు. గునపాలు వంగాయి. గోడ వంగలేదు.

పొద్దు వాలింది. మనుషుల నీడలు కాళ్ల కింద నుంచి మెల్లగా బయటికి వచ్చాయి. అప్పుడు కురిసింది వాన.

*

పోలీసులు వచ్చారు, చూశారు, వెళ్లారు. అతడు చెప్పుకున్న ఏ ఊళ్లోనూ విరూపాక్షప్ప అనే ఆ మనిషి లేడన్నారు.

కోటపాడులో మళ్లీ బాగోతం కట్టారు. దొర వేషం నాగేశ్‌ది. చేతికి వాచీ పెట్టుకునే కట్టాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ముందు వరుసలో కూర్చున్న తల్లీ పెండ్లామూ ఒకరి తరువాత ఒకరు పిలిస్తే, కత్తి దూసినవాడు దూసినట్టే ఆగి "ఆఁ" అన్నాడు. నీలవ్వ వేషం మళ్లీ మగవాళ్లదే అనుకున్నారు. హెప్సిబా ఒప్పుకోలేదు. "అందరికీ అన్నం పెట్టేది నేనే," అంది. బుజ్జమ్మ ఎదురుగా కూర్చుని పిలుస్తూనే ఉంది. మధ్య మధ్యలో చేనులో, వాకిట్లో, ఊరికే కూడా పిలుస్తుంది.

"ఏందే అమ్మా, ఊకె!"

"ఏం లేదు. పలికినవ్ గద. చాలు."

అమావాస్య వస్తే మాత్రం బుజ్జమ్మ మిట్టమధ్యాహ్నం నల్లబురుజు దగ్గరికి పోతుంది. ఆ వేళ గోడ లోపలి నుంచి రాతి మీద గోటితో గీకినట్టు చప్పుడు వస్తుంది. ఆమె రొట్టె ముక్క గోడ మొదట్లో పెట్టి, చెవి ఆనించి, మెల్లగా అడుగుతుంది.

"బిడ్డా, నీ పేరేంది? ఇప్పుడన్న యాదికొచ్చెనా?"

గీకుడు ఆగుతుంది. లోపల ఎవరో చాలాసేపు వెతుక్కుంటారు.

తరువాత గోడ లోతుల్లోంచి ఎప్పుడూ ఒకే జవాబు వస్తుంది.

"దొరను..."